రాజుగారి కోడి, మా అమ్మ జవాబు

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలను ప్రతి ఏడాదీ ఒక ప్రశ్న అడుగుతాను. మన రాజ్యాంగంలో ‘హోటల్’ అనే మాట ఉందా, లేదా? తెలుగు మేడమ్ ఇదేం ప్రశ్న అడుగుతోందని ముందు నవ్వుకుంటారు. తర్వాత సగం మంది లేదంటారు. మిగతా సగం ఎటూ చెప్పరు.

ఉంది. ప్రాథమిక హక్కుల్లోనే ఉంది. ఆర్టికల్ 15, రెండో క్లాజు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు చూపించి ఏ పౌరుడినీ దుకాణాల్లోకి, పబ్లిక్ రెస్టారెంట్లలోకి, హోటళ్ళలోకి, వినోద స్థలాల్లోకి రానివ్వకుండా ఆపకూడదు. ఆ వెంటనే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు వస్తాయి.

స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం లాంటి పెద్ద మాటలు రాస్తున్న చోట ఈ హోటల్ గొడవ ఎందుకొచ్చింది? ఎందుకంటే ఈ దేశంలో సమానత్వం అనే మాట టీ గ్లాసు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుందని రాసేవాళ్ళకు తెలుసు. డ్రాఫ్టింగ్ కమిటీ చైర్మన్‌కైతే ఎవరూ వేరే చెప్పాల్సిన పని లేదు.

1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. అందులో నాలుగో సెక్షన్ ఇంకా లోపలికి వెళ్తుంది. హోటల్లోకి రానివ్వకపోవడమే కాదు, అక్కడ అందరి కోసం పెట్టిన పాత్రలు వాడనివ్వకపోవడం కూడా నేరమే. చట్టం గ్లాసు దాకా వచ్చిందన్నమాట.

మా అమ్మకు పద్దెనిమిదేళ్ళు వచ్చేనాటికి ఆ చట్టానికి పాతికేళ్ళు దాటాయి. అయినా మా ఊరి టీకొట్టులో మావాళ్ళ గ్లాసులు బయట చూరు కింద గూట్లో ఉండేవి. తీసుకోవాలి, కడుక్కోవాలి, పైనుంచి పోయించుకోవాలి, తాగి మళ్ళీ కడిగి బోర్లించాలి. డబ్బులు చేతికివ్వకూడదు, చెక్క మీద పెట్టాలి. ఊళ్ళో ఎవరూ దాన్ని నేరమనుకోలేదు. అలవాటనుకున్నారు.

ఇప్పుడు మమ్మల్ని ఎవరూ ఆపరు. హైదరాబాద్‌లో అయితే అసలే ఆపరు. ఫోన్లో టేబుల్ బుక్ చేసుకుంటాం, కార్డు గీకుతాం, బయటికొస్తాం. అందుకే మన పిల్లలే కొందరు అడుగుతారు, “హోటళ్ళలో కులమెక్కడుంది మేడమ్ ఇప్పుడు?” అని. మంచి ప్రశ్నే. దానికి జవాబుగా ఈ వారం ఒక ఖరీదైన రెస్టారెంట్ గురించి రాస్తున్నాను. పేరు చెప్పను. అట్లాంటివి ఇప్పుడు ఊరినిండా ఉన్నాయి, ఒక్కదాని పేరు చెబితే మిగతావన్నీ తప్పించుకుంటాయి.

మా తమ్ముడికి ఆఫీసులో ప్రమోషన్ వచ్చింది. అమ్మ ఊరి నుంచి వచ్చింది. నేను, అమ్మ, తమ్ముడు, మరదలు, నలుగురం ఒక రాత్రి జూబ్లీహిల్స్‌లో ‘అచ్చ తెలుగు భోజనం’ పెట్టే రెస్టారెంట్‌కు వెళ్ళాం. వాడు అప్పుడప్పుడూ ఆఫీసు వాళ్ళను తీసుకెళ్ళే చోటే అది.

గుమ్మంలో ఇత్తడి గంగాళం, అందులో నీళ్ళు, నీళ్ళలో బంతిపూలు. పక్కన రోలు, రోట్లో కరెంటు దీపం. “రోట్లో దీపం పెట్టారేందే?” అంది అమ్మ. లోపల గోడమీద ఎద్దుబండి చక్రం, తిరగలి రాయి, ఎద్దుల మెడలో కట్టే గంటల తోలు పట్టీలు. అమ్మ ఒక పట్టీ దగ్గర ఆగింది. వేలితో కుట్టు మీద రాసి చూసింది. “ఇది మనోళ్ళ కుట్టే. మీ తాత ఇట్టాగే కుట్టేవోడు” అంది. ఎక్కడినుంచి తెచ్చారో, ఏ ఊళ్ళో పాత సామాన్లవాడి దగ్గర కొన్నారో. గోడమీద మా తాతల పని ఉంది. సరే, కూర్చున్నాం.

మెనూ పొడుగ్గా, తాటాకు పుస్తకం లాగా ఉంది. అమ్మకు చదవడం రాదు. నేను పైకి చదివాను. రాజుగారి కోడి పలావు. జమీందారీ మటన్ వేపుడు. అగ్రహారం పప్పు. ఉలవచారు. పల్నాడు జొన్నరొట్టె. బోటి వేపుడు. ప్రతి వంటకం కింద రెండు లైన్ల కథ, ఎవరి నాయనమ్మ వంటింట్లో పుట్టిందో, ఏ దివాణంలో వండేవారో.

“రాజుగారి కోడంటే ఆయన పెంచిందా, ఆయన తిన్నదా?” అడిగింది అమ్మ.

“ఆయన వంటోడు వండింది అమా” అన్నాడు తమ్ముడు.

“మరి వండినోడి పేరు పెట్టొచ్చుగా.”

మేం నవ్వాం. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసిన నాకు ఒక మంచి పరిశోధనాంశం ఉచితంగా దొరికింది.

నిజంగానే మెనూ ఒక సంకలనం లాంటిది. ఎవరినో చేర్చుకుంటుంది, ఎవరినో వదిలేస్తుంది. మన సాహిత్యంలో హోటల్ భోజనం చాలా పాతది. వినుకొండ వల్లభరాయుడి పేరుమీద ఉన్న ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి భోజనం వర్ణన ఉంది. మంచి బియ్యం అన్నం, గోధుమపిండి వంటకాలు, నెయ్యి, ఇవన్నీ ఒక రూకకు దొరుకుతాయి. పెట్టేది బ్రాహ్మణుల ఇంట్లో. తెలుగులో మొదటి రెస్టారెంట్ రివ్యూ అదే అని క్లాసులో సరదాగా చెబుతుంటాను. గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ కూడా బ్రాహ్మణ వితంతువే. రూక చేతిలో ఉంటే అందరూ ఆ ఇళ్ళలో కూర్చుని తినగలిగేవారా? ఆ ప్రశ్న అడిగే పాత్ర ఆ కావ్యంలోనూ లేదు, ఆ నాటకంలోనూ లేదు.

ఇక మా పల్నాడు. శ్రీనాథుడి పేరుమీద ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాటి మీద ఫిర్యాదులు చాలా ఉన్నాయి. ఎక్కడ చూసినా జొన్నలేనట, సన్నన్నం దొరకదట. మహాకవి ముక్కు చిట్లించిన ఆ జొన్నరొట్టె ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో రెండు 240 రూపాయలు. షుగర్ వ్యాధి వచ్చాక జొన్నకు గౌరవం వచ్చింది. ఉలవలు ఎద్దులకు పెట్టేవాళ్ళు. ఉడికించిన నీళ్ళతో చారు కాచుకున్నారు. అదీ ఇప్పుడు కంచుగిన్నెలో వెన్నపూసతో వస్తుంది. బోటి సంగతి చెప్పనక్కర్లేదు. కడగడానికి ఓపిక లేనివాళ్ళు వదిలేస్తే, ఓపిక తప్ప ఇంకేమీ లేనివాళ్ళు తెచ్చుకుని వండుకున్నారు.

అంటే మెనూలో పేదవాళ్ళ తిండి లేదని కాదు. చాలా ఉంది. దానికి పెట్టే పేరులోనే తేడా. ధనవంతుల వంటకానికి మనిషి పేరు పెడతారు, రాజుగారు, జమీందారు. పేదల వంటకానికి ప్రాంతం పేరు పెడతారు, పల్నాడు, రాయలసీమ, తెలంగాణ. పల్నాడులో జొన్నరొట్టెను ఎవరు చేశారు, ఎవరి జొన్నలు, ఎవరి పొయ్యి? ప్రాంతం పేరు పెట్టగానే ఆ చేతులు కనిపించకుండా పోతాయి. ‘రాజుగారి’ అన్నది కులం పేరు కూడానని అందరికీ తెలుసు. అయినా మెనూలో దాన్ని ఎవరూ కులమనుకోరు, రుచి అనుకుంటారు. అదే చోట ‘మాదిగోళ్ళ కూర’ అని రాస్తే ఏమవుతుందో ఊహించండి. కులగజ్జి అంటారు.

మా ఇంట్లో పండగనాడు వండే పెద్దకూర ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు. ఉంటుందని మేం అనుకోలేదు కూడా. కానీ ఇదే నగరంలో కాంటినెంటల్ రెస్టారెంట్లలో ‘టెండర్లాయిన్ స్టీక్’ అని అదే జాతి మాంసం దర్జాగా దొరుకుతుంది. ఇంగ్లీషు పేరుతో వస్తే అది అంతర్జాతీయ వంటకం. తెలుగు పేరుతో వస్తే గొడవ. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో మన విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టినప్పుడు ఎంత రభస జరిగిందో గుర్తున్నవాళ్ళకు గుర్తుంది. అప్పుడు పిల్లలు అడిగింది కొత్త తిండి కాదు. ఇంట్లో తినేది క్యాంపస్‌లో దాచకుండా తింటామన్నారు, అంతే.

భోజనం బాగుంది. అది చెప్పకపోతే అన్యాయం. జొన్నరొట్టె మెత్తగా ఉంది, గోంగూర పుల్లగా ఉంది. అమ్మ మాత్రం “కారంలో మిరపకాయ వాసన లేదు, రంగే ఉంది” అంది. ముప్ఫై ఏళ్ళు మిరప కోతకు వెళ్ళిన మనిషి మాట అది.

అప్పుడు యజమాని వచ్చాడు. ఇట్లాంటి చోట్ల అదొక మర్యాద, ప్రతి టేబుల్ దగ్గరికీ వచ్చి పలకరిస్తారు. మంచి మనిషిలాగే ఉన్నాడు. “భోజనం ఎట్లా ఉందమ్మా? మీరు తింటుంటే మా అమ్మే గుర్తొచ్చింది. చివర్లో మా తరఫున పూర్ణాలు పంపిస్తా, కాదనకూడదు” అన్నాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, “మీదే ఊరు సార్?”

“మాచర్ల దగ్గరండీ.”

“అరె! మా మేనత్త వాళ్ళదీ ఆ పక్కే. అక్కడ ఎవరి తాలూకు మీరు?”

“ఊరొదిలి చాలా ఏళ్ళయిందండీ” అన్నాడు తమ్ముడు. ఊరు నుంచి రెండు రోజుల కిందటే బస్సు దిగిన అమ్మ వాడి పక్కనే కూర్చుని ఉంది.

“అయితేనేం, ఇంటిపేరుంటుందిగా?”

తమ్ముడు ఇంటిపేరు చెప్పాడు. మా ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉంది. యజమాని ముఖం వెలిగిపోయింది. “అదీ! చూడగానే అనుకున్నా. మనవాళ్ళేనన్నమాట!”

తమ్ముడు చిన్నగా నవ్వాడు. అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. మనలో చదువుకున్న చాలామందికి అది వచ్చు. పీజీ హాస్టళ్ళలో, అద్దె ఇళ్ళ గుమ్మాల్లో, ఆఫీసు క్యాంటీన్లలో నేర్చుకుంటాం.

అమ్మ ముద్ద కలుపుతూనే తల పైకెత్తింది. “కాదయ్యా. ఇంటిపేరు అదేగానీ, మేం మాదిగోళ్ళం.”

మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. “అయ్యో, దానికేముందమ్మా. ఈ రోజుల్లో అవన్నీ ఎవరు పట్టించుకుంటున్నారు. మీరు తృప్తిగా తినండి” అని పక్క టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయాడు. పూర్ణాలు వచ్చాయి. ఆయన మళ్ళీ రాలేదు. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. గ్లాసులు మార్చలేదు. ఆర్టికల్ 15కు గానీ, నాలుగో సెక్షన్‌కు గానీ అక్కడ దొరికేది ఏమీ లేదు.

ఒకసారి ఆ సంభాషణను మళ్ళీ చదవండి. కులం ఎవరు ఎత్తారు? ‘ఎవరి తాలూకు’ అని ఆయనే అడిగాడు. ‘మనవాళ్ళే’ అని ఆయనే తేల్చాడు. అప్పటిదాకా అది కులం కాదు, ఆత్మీయత. అమ్మ నిజం చెప్పగానే అది కులమైపోయింది, ‘ఈ రోజుల్లో ఎవరూ పట్టించుకోని’ విషయమైపోయింది. రాజుగారి పేరు మెనూ మీద అచ్చేసిన గదిలో, మా అమ్మ తన పేరు తాను చెప్పుకోవడమే మర్యాద తప్పినట్టయింది.

కారులో తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బరస్ట్ అయ్యాడు.

“అమా, ఎందుకు చెప్పావ్? నేను క్లయింట్లను కూడా అక్కడికే తీసుకెళ్తా. ఆయనేం అడగలేదుగా?”

“మనోళ్ళేనా అన్నాడుగా.”

“అడగలా. అనుకున్నాడు.”

“అనుకుంటే కాదని చెప్పొద్దా? రేపు మనోళ్ళని పెళ్ళికి పిలిస్తే పోతావా?”

“నీకు తెలీదమా. తెలిశాక మాట మారకపోవచ్చు, చూపు మారుద్ది. ఆ చూపు మధ్య రోజూ పనిచేసేది నేను. నువ్వు రేపు బస్సెక్కి ఊరెళ్ళిపోతావ్.”

అమ్మ కాసేపాగి, “నేను డబ్బులిచ్చి తిన్నా నాయనా. దాక్కుని తినలా” అంది.

ఇది చదివి ఎవరూ మా తమ్ముడి మీద తీర్పు చెప్పొద్దు. అమ్మ ధైర్యవంతురాలు, వాడు పిరికివాడు అని రాయడం చాలా సులువు. అది నిజం కాదు. అమ్మకు ఊళ్ళో కులం దాచుకునే వీలే లేదు, ఆమె ఇల్లున్న వీధే ఆమె కులం చెబుతుంది. వాడికి నగరం ఒక వీలిచ్చింది. అడగకపోతే చెప్పక్కర్లేని వీలు. ఆ వీలుతోనే వాడు అద్దె ఇల్లు సంపాదించాడు, టీమ్ సంపాదించాడు. వాడి నవ్వు వెనక భయం ఎంతుందో, లెక్క కూడా అంతే ఉంది. ఆ లెక్క వాడు కనిపెట్టింది కాదు, వాడికి అంటగట్టింది.

ఈ లెక్క బాబాసాహెబ్‌కూ తప్పలేదు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ చదవనివాళ్ళు దయచేసి చదవండి, చాలా చిన్న పుస్తకం. కొలంబియా యూనివర్సిటీలో చదువుకుని వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకు ఊళ్ళో ఉండటానికి చోటు దొరకలేదు. హిందూ హోటళ్ళు రానివ్వవు. పార్సీల సత్రంలో పార్సీ కానివాళ్ళకు చోటు లేదు. చివరికి రిజిస్టర్లో ఒక పార్సీ పేరు రాసి అక్కడ దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని పార్సీలు గుంపుగా వచ్చి నువ్వెవరివని నిలదీసి, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. రాజ్యాంగంలోకి ‘హోటల్’ అనే మాట రాకముందు ఆ మనిషి జీవితంలో ఆ పదకొండు రోజులున్నాయి. అంబేద్కర్ అబద్ధమాడాడని మనలో ఎవరైనా అంటామా? ఆ రిజిస్టర్ పెట్టినవాళ్ళను అడుగుతాం. మా తమ్ముడి విషయంలోనూ అడగాల్సింది వాళ్ళనే.

తేడా ఏంటంటే, ఆనాడు తలుపు దగ్గర అడిగేవాళ్ళు. ఇప్పుడు తలుపు దగ్గర డబ్బు చూస్తారు, లోపలికొచ్చాక ఆత్మీయంగా అడుగుతారు. ఆనాడు నిజం చెబితే గెంటేసేవాళ్ళు. ఇప్పుడు నిజం చెబితే పలకరింపు ఆగిపోతుంది. ఇది చిన్న మార్పు కాదు, కర్రకూ మౌనానికీ మధ్య దూరం చాలా ఉంది. ఆ దూరం దాటడానికి మనవాళ్ళు ప్రాణాలే ఇచ్చారు. కానీ హక్కు అక్కడితో పూర్తి కాదు. లోపలికి వెళ్ళి తినగలగడం సగం హక్కు. ఎవరో చెప్పుకుని, ఆ తర్వాత కూడా అదే కుర్చీలో, అదే పలకరింపు మధ్య తినగలగడం మిగతా సగం. ఆ సగం ఏ సెక్షన్ కిందా రాదు.

అయితే మనమే హోటళ్ళు పెట్టుకుంటే పోదా అని కొందరంటారు. పెట్టాలి. కొల్హాపూర్‌లో శాహూ మహారాజ్ కాలంలోనే గంగారాం కాంబ్లే అనే మహార్ యువకుడు టీ హోటల్ పెట్టాడు. రాజుగారి గుర్రపుశాలలో పనిచేసేవాడు. అందరి నీళ్ళు ముట్టుకున్నాడని తోటి సవర్ణ ఉద్యోగులు చావగొట్టారు. కొట్టినవాళ్ళను శిక్షించి, అతనికి హోటల్ పెట్టుకునేందుకు సాయం చేశాడు శాహూ. హోటల్ శుభ్రంగానే ఉంది, టీ బాగానే ఉంది, కానీ పై కులాలవాళ్ళు రాలేదు. మహారాజే బండి ఆపించి అక్కడ టీ తెప్పించుకుని తాగడం మొదలుపెట్టాడు. దర్బారు చూస్తుండగా, ఊరు చూస్తుండగా. ఆ కథలో నాకు నచ్చేది రాజుగారి దయ కాదు. పెట్టుబడి ఇవ్వడంతో పని కాదని, వచ్చి కూర్చుని తాగాలని ఆయన గ్రహించడం. రాజుగారి పేరు ఒక మెనూలో పెట్టాలనుకుంటే ఆ టీకి పెట్టొచ్చు.

ఇంకొకటి కూడా అడుగుతారు. ఆ ఖరీదైన మెనూలో మన వంటకం కూడా చేరిస్తే సరిపోతుందా? నాకు అనుమానమే. రేపు ఎవరో తెలివైన షెఫ్ మన వంటకాన్ని తీసుకెళ్ళి, నల్ల రాతి పళ్ళెంలో మూడు ముక్కలు పెట్టి, 900 రూపాయలకు ‘పాత పల్లె రుచి’ అని అమ్ముతాడు. జొన్నరొట్టెకు జరిగిందే దానికీ జరుగుతుంది. వంటకం లోపలికి వెళ్తుంది, వండిన చేయి బయట ఉంటుంది. గోడమీద తోలు పట్టీ లాగా.

అందుకని లోపలికి వెళ్ళినప్పుడల్లా మూడు ప్రశ్నలు వెంట తీసుకెళ్ళండి. ఈ వంటకానికి ఎవరి పేరు పెట్టారు? వెనక గిన్నెలు ఎవరు కడుగుతున్నారు? గల్లాపెట్టె దగ్గర ఎవరున్నారు? ఆ రాత్రి మాకు వడ్డించిన అబ్బాయిని అమ్మ ఊరు అడిగింది. శ్రీకాకుళం వైపు. వెనక గిన్నెలు కడిగేవాళ్ళు ఒడిశా పిల్లలట. తినడం అయ్యాక అమ్మ అలవాటుగా కంచం, గ్లాసు తీసి లేవబోయింది. “వదిలెయ్యమ్మా, మేం తీస్తాం” అన్నాడు ఆ అబ్బాయి. అమ్మ కూర్చుంది గానీ, గిన్నెలన్నీ ఒకదాంట్లో ఒకటి సర్ది వాడి చేతికి దగ్గరగా జరిపింది.

బిల్లు కూడా చెబుతాను. తిండి 6,000. దాని మీద ఐదు శాతం జీఎస్టీ 300. మొత్తం 6,300. అమ్మ చివరిసారి మిరప కోతకు వెళ్ళినప్పుడు రోజు కూలి 300. అంటే పన్నే ఒక రోజు కూలి, మొత్తం బిల్లు ఇరవై ఒక్క రోజుల కూలి. ఈ లెక్క అమ్మకు చెప్పలేదు. తమ్ముడికి చెబితే, “నాకు తెలుసక్కా, బిల్లు చూసిన ప్రతిసారీ వేస్తా ఆ లెక్క” అన్నాడు.

ఇక చెయ్యాల్సిన పని. మరాఠీలో శాహూ పాటోళె 2015లో ‘అన్న హే అపూర్ణ బ్రహ్మ’ అనే పుస్తకం రాశాడు. మరాఠ్వాడా దళితుల వంటలు, వాటి చుట్టూ ఉన్న జీవితం. నూనె లేని, మసాలా లేని, ఎండబెట్టి దాచుకున్న తిండి గురించి సిగ్గులేకుండా, గొప్పలు పోకుండా రాశాడు. 2024లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. తెలుగులో మన కథల్లో, కవితల్లో, పాటల్లో తిండి చాలా ఉంది. వంటల పుస్తకంగా ఒకచోటికి తేవాల్సింది ఇంకా ఎంతో ఉంది. రాజుగారి నాయనమ్మ వంటకు కథ ఉన్నట్టే మన నాయనమ్మ వంటకూ ఉంది. తేడా అచ్చులో ఉండటం, లేకపోవడం.

ఈ సెమిస్టర్‌లో మా క్లాసులో అదే మొదలుపెట్టాం. ఇంట్లో వండే ఒక వంట, ఏ కాలంలో వండుతారు, ఎవరు వండుతారు, ఏ పేరుతో పిలుస్తారు, వండనినాడు ఏం తింటారు. పేరు మార్చకూడదు, మెరుగుపెట్టకూడదు. కులం రాయమని నేను అడగలేదు. కొందరు రాశారు, కొందరు రాయలేదు. రెండూ వాళ్ళ హక్కే.

నా వంతు నేనూ రాయాలి కదా. మా అమ్మ చెప్పినట్టే రాస్తున్నాను.

ఎండు తునకల గోంగూర. పెద్దకూరను వేలెడంత పొడుగు తునకలుగా కోయాలి. ఉప్పు, పసుపు పట్టించి తాడుకు గుచ్చి మూడు నాలుగు ఎండలు బాగా ఎండనివ్వాలి. కాకులను తోలడానికి ఒక పిల్లను కాపలా పెట్టాలి, మా ఇంట్లో ఆ పిల్లను నేనే. గలగలమనేలా ఎండాక కుండలో దాచుకుంటే వానాకాలం పనుల్లేని రోజుల దాకా వస్తాయి. వండేనాడు వేడినీళ్ళలో నానబెట్టి, రోట్లో రెండు పోట్లు వేసి, మెత్తబడేదాకా ఉడికించాలి. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలు వేయించి, తునకలు వేసి, చివర్లో గోంగూర వెయ్యాలి. తునకల్లో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి ఉప్పు చివర్లో చూసుకోవాలి. జొన్నరొట్టెతో బాగుంటుంది. నలుగురికి ఒక దోసెడు తునకలు చాలు.

ఎవరి వంటకమని అడిగితే మాదిగోళ్ళ వంటకమని చెప్పండి.

వచ్చే వారం: సంక్షేమ హాస్టల్ మెస్సులో గుడ్డు కథ.

జై భీమ్.